జాజు అరుగు, పాసంగం గిన్నె

రిటైరైన ఫిజిక్స్ టీచరు ఎదురుపడితే కొత్తగా ఎమ్మెస్సీలో చేరిన పిల్లలు ఒకటే ప్రశ్న అడుగుతారు. "మేడం, ఇన్నేండ్లు ల్యాబ్‌లో ఉంటిరి గదా, ఏం కనిపెట్టినారు?"

"దుమ్ము" అంటాను.

వాళ్ళు మర్యాదకు నవ్వి, ఈమెకు వయసు మీదపడింది అనుకుంటూ వెళ్ళిపోతారు. నేను నిజమే చెప్పానని వాళ్ళకు తెలియదు. తెలియాలంటే కూర్చుని వినే ఓపిక ఉండాలి. అందుకే రాస్తున్నాను.

నాది పొద్దుటూరు. శెట్ల ఇంట పుట్టాను. మా నాయనకు కిరాణా అంగడి. అన్నదమ్ములిద్దరూ అంగట్లో తక్కెడ పట్టుకుంటే నేనూ తక్కెడే పట్టుకున్నాను, కాకపోతే నాది అద్దాల పెట్టెలో ఉండే తక్కెడ. కొన్నేళ్ళు కడప కాలేజీలో పాఠాలు చెప్పి, పరిశోధన మీద మోజుతో కర్నూలు వచ్చాను. నా పని పేరు చెబితే బంధువులు బెదిరిపోయేవారు. నానో కాంపోజిట్ పదార్థాల్లో అయస్కాంతత్వాన్ని గది ఉష్ణోగ్రత దగ్గర అదుపు చేయడం. పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే "పొడులు చేస్తానమ్మా" అనేదాన్ని. "ఏం పొడి, కందిపొడా?" అనేవారు. "దాదాపు అంతే" అనేదాన్ని. నిజంగానే దాదాపు అంతే. నూరడం, జల్లించడం, వేయించడం, చల్లారాక రుచి చూడడం. రుచి చూసేది మాత్రం అయస్కాంతం.

ప్రమోషన్ల సంగతి, కాగితాల సంగతి ఇక్కడ రాయను. ఉద్యోగంలో చేరితే అవి వాటంతట అవే వచ్చి తగులుకుంటాయి. నాకు పని నేర్పిన సంగతులు కొన్నే ఉన్నాయి. వాటిలో పెద్దది రెండువేల తర్వాతి ఏళ్ళలో, ఒక దసరాకు జరిగింది. దానికంటే ముందు మా గది సంగతి చెప్పాలి.

గది అంటే ఏ గది?

పుస్తకాల్లో 'గది ఉష్ణోగ్రత' అని రాసిన పెద్దమనుషులు కర్నూలు ఎండాకాలం చూసి రాసినవాళ్ళు కాదు. వాళ్ళ గదిలో స్వెట్టర్ వేసుకుని కూర్చోవచ్చు. మా గదిలో మే నెల మధ్యాహ్నం ఇనుప బీరువా తలుపు తీయాలంటే చీర కొంగు అడ్డం పెట్టుకోవలసి వచ్చేది. ఫ్యాన్ వేస్తే పొడి ఎగురుతుంది, ఆపితే మనం కరుగుతాం. ఓర్వకల్లు వైపు నుంచి గాలి లేచిందంటే కిటికీ మూసినా బల్లల మీద ఎర్రటి పొర.

అయస్కాంతానికి కూడా వేడి పడదు. దాని లోపల లెక్కలేనన్ని బుల్లి అయస్కాంతాలు ఒకే దిక్కు చూస్తూ నిలబడి ఉంటాయి. వేడి పెరిగేకొద్దీ వాటికి కుదురు పోతుంది, మధ్యాహ్నం చివరి పీరియడ్‌లో పిల్లల మాదిరి. రేణువు మరీ చిన్నదైతే కుదురు ఇంకా తక్కువ. బాగా చల్లబరిస్తే చెప్పినమాట వినే పదార్థాలు బోలెడున్నాయి. కానీ రోజూ వాడే వస్తువును మంచులో ముంచి ఎవరు వాడుకుంటారు? మామూలు గదిలో, మామూలు వేడిలో మాట వినాలి. కావాలంటే అయస్కాంతం కావాలి, వద్దంటే మానాలి. మా పనంతా ఈ రెండు ముక్కల్లో ఉంది.

"కర్నూల్లో మే నెల తట్టుకున్నాదంటే అది లోకంలో యాడైనా నిలబడతాదమ్మా" అనేవారు మా హెడ్డు సారు. ఆ ఒక్క విషయంలో ఆయన మాట ఎవరూ కాదనలేదు.

ఇక నానో కాంపోజిట్ అంటే. మా విద్యార్థులకు నేను బొరుగుల ఉండ చూపించి చెప్పేదాన్ని. బొరుగులు కంటికి కనిపించనంత చిన్న అయస్కాంత రేణువులు. బెల్లం పాకం వాటిని విడివిడిగా పట్టి ఉంచే మరో పదార్థం. మేము ఎక్కువగా సిలికా, అంటే గాజు జాతి పాకం వాడేవాళ్ళం. పాకం లేకపోతే రేణువులన్నీ ఒకదానికొకటి అంటుకుని ముద్దయిపోతాయి. పాకం ఎక్కువైతే ఉండ ఉంటుంది గానీ బొరుగు దొరకదు. పాఠం అయ్యాక ఆ ఉండను తినేసేవాళ్ళం కాబట్టి ఎవరూ ఆ క్లాసు ఎగ్గొట్టలేదు.

మా హెడ్డు సారు, ఆయన స్కూటరు

వెంకటసుబ్బయ్య సారు కడప దగ్గర పల్లెటూరి మనిషి. ఆయన గురించి ఉన్నదున్నట్టు రాస్తాను, ఆయన ఉంటే చదివి నవ్వేవారు. పని సాధించుకురావడంలో ఆయనను మించినవారు లేరు. నీళ్ళు రాని భవనానికి నీళ్ళు తెచ్చారు. కరెంటు కోతల్లో కూడా మా ఫర్నేసుకు మాత్రం కరెంటు ఆగకుండా ఎవరితోనో మాట్లాడి వచ్చారు. ఆయనకు లేనిది ఓపిక. చింతచెట్టు నాటిన సాయంత్రమే పులుసుకు గిన్నె పెట్టమనే రకం.

నేను చేరిన కొత్తలో మా దగ్గర ఒక పాత పరికరం ఉండేది. సన్నటి తీగకు ముల్లు వేలాడదీసి, అది ఎంత తిరిగిందో చూసి అయస్కాంతత్వం లెక్కగట్టేవాళ్ళం. ఒక వారం ఆ ముల్లు ఉదయం ఒక రకంగా, సాయంత్రం ఒక రకంగా తిరగడం మొదలుపెట్టింది. రోజూ అదే తంతు. హెడ్డు సారుకు ఉత్సాహం ఆగలేదు. ఎండకూ ఈ పదార్థానికీ ఏదో సంబంధం ఉందని బోర్డు మీద సిద్ధాంతం కూడా రాసేశారు. నేను కిటికీలోంచి తొంగి చూశాను. గోడకు అవతల, సరిగ్గా పరికరానికి వెనక, ఆయన స్కూటరు. ఆ వారమే మధ్యాహ్నాలు నీడ కోసం అక్కడ పెట్టడం మొదలుపెట్టారట. అంత ఇనుము పక్కకొచ్చి నిలబడితే ముల్లు తిరగక ఏం చేస్తుంది?

ఆయన బోర్డు తుడిచేసి, స్కూటరు తోసుకుంటూ దూరంగా వేపచెట్టు కిందికి పోయారు. ఆ తర్వాత ఏ వింత ఫలితం వచ్చినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే. "నా స్కూటరు యాడుండాది?" అడిగి తనే నవ్వేవారు. తన మీద తను నవ్వుకోగలిగిన అధికారి దొరికితే చిన్నాచితకా చిరాకులు ఓర్చుకోవచ్చు, పిల్లలూ. నవ్వలేని మేధావి కింద పనిచేయడం కంటే అది మేలు.

దసరా తర్వాతి పొడి

షాహీన్ నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న ఆత్మకూరు అమ్మాయి. వాళ్ళ నాయన బస్టాండు దగ్గర దర్జీ. ఆమె ల్యాబ్ కోటు ఆయనే కుట్టి పంపాడు, ముంజేతి దగ్గర రెండు కుట్లు ఎక్కువేసి. మా శాఖలో కొన్న కోట్లు వేసుకున్న మేమంతా ఆ కోటు ముందు అద్దెకు తెచ్చుకున్నవాళ్ళలా ఉండేవాళ్ళం.

ఆ రోజుల్లో ప్రపంచమంతా ఒక పిచ్చి పట్టి ఉంది. జింక్ ఆక్సైడ్ అనే తెల్లటి పొడి ఉంది, దానికి అయస్కాంతంతో ఏ సంబంధమూ లేదు. అందులో కాస్త కోబాల్ట్ కలిపితే గది ఉష్ణోగ్రత దగ్గరే అయస్కాంతమవుతుందని కొందరు, కాదని కొందరు. షాహీన్ ఆ పొడిని సిలికా పాకంలో పెట్టి చేసేది. కోబాల్ట్‌ను పెంచి తగ్గించి అయస్కాంతత్వాన్ని అదుపు చేయడం ఆమె థీసిస్. ఏళ్ళు గడిచాయి. పొడి మాత్రం అయస్కాంతానికి పలకలేదు. దూరపు నగరంలో ఉన్న కొలిచే యంత్రానికి పొట్లాలు పంపడం, వంతు కోసం ఎదురుచూడడం, 'ఏమీ లేదు' అని జవాబు రావడం. ఆమెకు అది ఆఖరి సంవత్సరం. అది దాటితే రిజిస్ట్రేషన్ రద్దయిపోతుంది. అంతవరకు చేసిందంతా గోడకు కొట్టిన సున్నమే.

ఆ దసరాకు ముందు మా ఫర్నేసుకు కొత్త ఇటుకల అరుగు కట్టించారు. దసరాలో మా దగ్గర ఆయుధపూజ అంటే చిన్న సంగతి కాదు. తక్కెడలకు, పంపులకు, కంప్యూటర్లకు, చివరికి స్కూటర్లకు కూడా బొట్లు. ఆ మధ్యాహ్నం అందరికీ ఉగ్గాని, బజ్జీలు. పూజ ముందురోజు హెడ్డు సారు కొత్త అరుగు చూసి, "బోడిగా ఉండాదేమప్పా ఓబులేసూ, పండగ పూట?" అన్నారు. ఓబులేసు మా ల్యాబ్ అటెండర్. వెంటనే పోయి మన ఇళ్ళల్లో గడపలకు పూసే జాజు తెచ్చి, నీళ్ళల్లో కలిపి, అరుగుకూ ఫర్నేసు మూతి చుట్టూ ఇటుకలకూ ఎర్రగా పూసి పెట్టాడు. పైన తెల్లటి సున్నపు గీతలు షాహీన్ వేసింది, ఆమె గీత వంకర పోదని. నేను పక్కన నిలబడి "శానా బాగుండాది" అని మెచ్చుకున్నాను. చూడముచ్చటగా ఉండింది, ఇప్పుడూ అదే అంటాను.

పండగ తర్వాత షాహీన్ కొత్త పొడులు కాల్చింది. నగరం నుంచి ఫలితం వచ్చింది. పొడి పలికింది. మామూలుగా పలకడం కాదు, కాగితం మీద గీత పాము పడగలా లేచింది. గది ఉష్ణోగ్రత దగ్గర, ఖచ్చితమైన అయస్కాంతం.

హెడ్డు సారు మళ్ళీ ఉగ్గాని తెప్పించారు. పరిశోధన వ్యాసం టైపు చేయించారు. తెలిసిన పేపరు విలేకరిని సోమవారం రమ్మన్నారు. ఓబులేసు జాజు పూసిన అరుగుకు చేత్తో మొక్కి, "కొత్త అరుగు చలవ మేడం" అన్నాడు. ఆ మాట ఎంత నిజమో అప్పటికి మాకెవరికీ తెలియదు.

మా నాయన తక్కెడ

మా నాయన పొద్దున అంగడి తీయగానే ముందు ఖాళీ తక్కెడ ఎత్తి చూసేవాడు. రెండు పళ్ళేలూ సరిగ్గా నిలబడ్డాయా లేదా. ఒకవైపు ఒరిగితే రెండోవైపు చిన్న రాయో, చింతగింజో కట్టి సరిచేసేవాడు. దాన్ని పాసంగం అంటారు. "పాసంగం చూడకుండా తూకమేస్తే నువ్వు మోసం చేయకపోయినా మోసమే" అని ఆయన మాట.

నా ల్యాబ్‌లో నేను పెట్టిన ఒకే ఒక నియమం అది. కోబాల్ట్ వేసిన గిన్నెలతోపాటు, అన్నీ వేసి ఆ ఒక్క కోబాల్ట్ మాత్రం వేయని గిన్నె ఒకటి కూడా కాల్చాలి. అదే ఫర్నేసులో, అదే రోజు. పిల్లలు దానికి 'పాసంగం గిన్నె' అని పేరు పెట్టారు. హెడ్డు సారుకు అదంటే గిట్టదు. నగరంలో మాకు దొరికే వంతులే తక్కువ. అందులో ఉత్త పొడిని కొలిపించడం ఆయనకు దండగ. "పెండ్లికి పోతా, పెండ్లికొడుకు లేని బండి ఒకటి కట్టిస్తారేమ్మా?" అనేవారు. ఆ విడత పాసంగం పొడి నగరానికి పోలేదు.

శుక్రవారం సాయంత్రం షాహీన్ నా గదికొచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

"మేడం, కోబాల్ట్ తక్కువేసిన పొడి ఎక్కువ పలుకుతాండాది. ఎక్కువేసింది తక్కువ పలుకుతాండాది."

"సారుకు చెప్పినావా?"

"చెప్పినా. అదే గదమ్మా కొత్త సంగతి అన్న్యారు."

ఉప్పు తగ్గిస్తే కూర ఉప్పనైందంటే ఆ ఉప్పు ఇంకెక్కడి నుంచో పడుతున్నట్టు. ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమె కోటు జేబులోంచి చిన్న పొట్లం తీసింది.

"పాసంగం గిన్నెలోది. పారేయలేదు మేడం. చూద్దామా?"

చూడకపోతే ఆమెకు డిగ్రీ వస్తుంది. చూస్తే పోవచ్చు. ఈ మాట నేను పైకి అన్నాను కూడా. "నాకు నిద్ర పడతలేదు మేడం" అంది.

పాడైపోయిన కంప్యూటర్‌లోంచి తీసిన గట్టి అయస్కాంతం ఒకటి మా దగ్గర ఉండేది. ఆ తెల్లటి పొడిని గాజు గొట్టంలో నీళ్ళతో కలిపి, పక్కన అయస్కాంతం పెట్టాం. మెల్లగా, వెంట్రుక మందాన, గాజు గోడకు ఒక నల్లటి చార చేరింది. కోబాల్ట్ లేని పొడిలో. ఏమీ ఉండకూడని పొడిలో.

షాహీన్ స్టూలు మీద కూర్చుని "అయిపాయె" అంది. అన్నేళ్ళలో ఎందరి ఫలితాలో తప్పని తేలడం చూశాను గానీ, తన ఫలితాన్ని తన చేత్తోనే పడగొట్టుకున్న పిల్లను చూడడం అదే మొదలు. బాధగానూ ఉంది, గర్వంగానూ ఉంది. ఆ రెండూ ఒకేసారి వస్తే మనిషి ఏం చేయాలో తెలియక టీ పెడుతుంది. నేనూ టీ పెట్టాను.

కోటు అంచు

నల్లటి చార ఇనుముదే అయి ఉండాలి. ఎక్కడి నుంచి? మరుసటి రోజు స్టీలు పట్టుకారు మార్చి ప్లాస్టిక్‌ది తీసుకున్నాం. స్టీలు గరిటె పక్కన పెట్టాం. కల్వం కడిగాం, నీళ్ళు మార్చాం, కొత్త సీసాల్లోంచి రసాయనాలు తీశాం. అన్నీ మార్చి మళ్ళీ పాసంగం గిన్నె కాల్చాం. మళ్ళీ అదే చార. వాడిన ప్రతి వస్తువునూ ఇద్దరం అయస్కాంతంతో తడిమి చూశాం. ఓబులేసు తన తాళాల గుత్తి కూడా తీసుకెళ్ళి బయట పెట్టి వచ్చాడు.

ఆదివారం షాహీన్ ఆత్మకూరు పోయింది. సోమవారం పొద్దున మొదటి బస్సుకు వచ్చి, నేరుగా నా బల్ల మీద తన కోటు పరిచింది.

"మా అమ్మ తిట్టింది మేడం. యాడ పూసుకొని వస్తాండావే, ఎంత రుద్దినా పోదు అని."

కోటు ఉతికి ఇస్త్రీ చేసి ఉంది. రెండు ముంజేతుల అంచుల దగ్గర, వాళ్ళ నాయన వేసిన ఎక్కువ కుట్లు ఉన్నచోట, సన్నటి ఎర్రటి మరక. ఫర్నేసులో గిన్నె పెట్టడానికి వంగినప్పుడు చేతులు అరుగుకు ఆనుతాయి. సరిగ్గా అంత ఎత్తున.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని ఫర్నేసు గదిలోకి నడిచాం. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిన తల్లుల్లా ఆ ఎర్రటి అరుగు ముందు నిలబడ్డాం. జాజు అంటే ఏమిటి? ఇనుము తుప్పు జాతి మట్టి. వేడికి ఎండి, వేలితో తాకితే రాలుతోంది. ఫర్నేసు తలుపు తీసిన ప్రతిసారీ వేడిగాలి దాన్ని లేపి గిన్నెల్లో చల్లుతోంది.

ఉత్త జాజు అయస్కాంతానికి పెద్దగా కదలదు. కానీ మేము పొడి తయారీలో నిమ్మ ఉప్పు కలిపేవాళ్ళం. అది కాలేటప్పుడు చుట్టూ ఉన్న ఆక్సిజన్ లాక్కుంటుంది. ఆ దెబ్బకు జాజు ఎరుపు పోయి నల్లబడి అయస్కాంతమవుతుంది. అనుమానం తీరడానికి చిటికెడు జాజును నిమ్మ ఉప్పుతో కలిపి మూత పెట్టి కాల్చాం. నల్లటి పొడి వచ్చింది. అయస్కాంతం చూపగానే పొయ్యి మీద చల్లిన ఆవాల్లా ఎగిరింది.

ఓబులేసు బిక్కమొహం పెట్టాడు. "పూసింది నేనే మేడం."

"పూయమన్నది సారు, గీతలేసింది షాహీను, బాగుండాదని మెచ్చుకుంది నేను" అన్నాను. "నిన్నొక్కన్నే ఎట్లంటారప్పా?"

ఇల్లు అలకగానే పండగ కాదని మన పెద్దలు అన్నారు. మేము అలికినందువల్లే పండగ చేసుకున్నాం.

"నా స్కూటరా?"

విలేకరి పదకొండింటికి వస్తాడు. మేము పదింటికే హెడ్డు సారు గదిలోకి పోయాం. ఆయన కొత్త చొక్కా వేసుకుని ఉన్నారు. వ్యాసం కవరులో పెట్టి, అంటించి, బల్ల మీద ఉంచారు.

"సార్, పాసంగం గిన్నె పలికినాది" అంది షాహీన్.

ఆయన కాసేపు ఆమెను చూశారు. "నా స్కూటరా?"

"కాదు సార్. అరుగు."

అంతా విన్నారు. ఆయన మొహం అరుగు రంగుకొచ్చింది. కోబాల్ట్ వల్ల కొంత, జాజు వల్ల కొంత అయి ఉండొచ్చు కదా అన్నారు. ప్రపంచంలో ఎందరు పాసంగం గిన్నెలు చూసి రాస్తున్నారో లెక్క చెప్పమన్నారు. అందులో అబద్ధమేమీ లేదు, అది నాకూ తెలుసు. చివరికి గొంతు తగ్గించి అడిగారు.

"అమ్మా, నీకు ఈ ఏడు దాటితే ఇంగ లేదు. నీకు డిగ్రీ వద్దా?"

"కావాల సార్. శానా కావాల. జాజు డిగ్రీ అయితే వద్దు."

బయట ఓబులేసు తలుపు పక్కన నిలబడి ఉన్నాడని ఆయాసం వినబడి తెలుస్తోంది.

షాహీనే మళ్ళీ అంది. "సార్, ఇంకొక మాట. దానంతట అది గాలికి రాలి పడితేనే ఇంత పలికె. మనమే కావాలని, తూకమేసి, సిలికాలో పెడితే? నిమ్మ ఉప్పు ఎక్కువేస్తే నల్లగా అవుతాది. మూత తీసి ఇంకా కాలిస్తే మళ్ళ ఎర్రగా అయిపోతాది, పలకదు. అంటే మనం పలకమంటే పలుకుతాది, వద్దంటే మానేస్తాది. అదుపంటే అదే గదా సార్?"

హెడ్డు సారు నా వైపు చూశారు. నాకూ అది కొత్తే. ఆ పొద్దునే ఆత్మకూరు నుంచి బస్సులో వస్తూ ఆలోచించుకుందట. ఆయన కవరు తీసుకుని సొరుగులో పడేసి, ఫోన్ అందుకున్నారు.

"ఏమప్పా, ఈ పొద్దు రావద్దు. అన్నం ఇంగా ఉడకలే."

ఆ ఒక్క ఫోన్‌కు నేను ఆయన తొందరపాటు అంతా మాఫీ చేశాను. ఇంకొకటి కూడా చేశారు. షాహీన్‌కు గడువు పొడిగించేదాకా ఎవరి గదుల ముందో కుర్చీ వేసుకుని కూర్చుని, సాధించుకునే వచ్చారు. కాగితాల సంగతి రాయనన్నాను కాబట్టి ఇంతటితో ఆపుతాను.

ఆ తర్వాత పని హాయిగా సాగిందని చెప్పను. జాజును వదిలేసి శుభ్రమైన ఇనుప లవణంతో మొదలుపెట్టాం. అరుగును కొబ్బరి చిప్పతో గీకి, కడిగి, ఇటుక రంగులోనే వదిలేశాం. సిలికా పాకం కుదరక మొదట్లో రేణువులు ముద్దలు కట్టాయి. మూత కాస్త ముందు తీస్తే ఎరుపు, ఆలస్యమైతే మరీ నలుపు. ఎండాకాలం వచ్చింది, కరెంటు పోయింది, ఒక విడత మొత్తం సగం కాలి ఆగిపోయింది. షాహీన్ ఆ సగం కాలినదాన్ని కూడా పారేయకుండా కొలిపించింది. సగమే పలికింది. ఎంత కాలిస్తే ఎంత పలుకుతుందో చూపే గీతలో సరిగ్గా ఖాళీగా ఉన్నచోట ఆ చుక్క కూర్చుంది. కరెంటు వాళ్ళకు కృతజ్ఞతలు రాద్దామా అని ఆమె అడిగితే అందరం నవ్వాం.

ప్రతి విడతలో మొదటి పొట్లం పాసంగం గిన్నెదే. అది పలకలేదు. పలకని ప్రతిసారీ మాకు పండగే.

వైవా, ఆ తర్వాతి దసరా

వైవాకు బయటి ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. పేరున్న మనిషి, తక్కువ మాట్లాడతారు. షాహీన్ చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నారు. అయిపోయాక కళ్ళు తెరిచి ఒకే ప్రశ్న వేశారు. "ఈ అయస్కాంతత్వం మురికి వల్ల వచ్చింది కాదని నువ్వు ఎలా చెప్పగలవు?"

షాహీన్ నోరు తెరిచేలోపు వెనక వరుసలోంచి హెడ్డు సారు గొంతు వినిపించింది. ఆయన అక్కడ మాట్లాడకూడదు. "ముందు ఉత్తది చూపించమ్మా" అన్నారు.

ఆమె నవ్వు ఆపుకుంటూ ఒక గాజు గొట్టం, ఆ పాత అయస్కాంతం పెద్దాయన చేతికిచ్చింది. ఆయన చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. ఏ చారా చేరలేదు. తర్వాత రెండోది ఇచ్చింది. నల్లటి పొడి మొత్తం అయస్కాంతం వైపు ఒరిగింది. ఆయన మళ్ళీ మొదటి గొట్టమే తీసుకుని చూశారు. "ఏమీ లేకపోవడాన్ని ఇంత జాగ్రత్తగా చూపించినవాళ్ళు తక్కువ" అన్నారు. ఇక వేరే ప్రశ్న వేయలేదు.

షాహీన్ ఇప్పుడు పాఠాలు చెబుతోంది. వాళ్ళ నాయన ఆమె విద్యార్థులకు కూడా కోట్లు కుట్టి ఇస్తున్నాడని విన్నాను. ముంజేతి దగ్గర రెండు కుట్లు ఎక్కువే.

వైవా తర్వాత వచ్చిన దసరాకు ఆమె ఆత్మకూరు నుంచి పూజకు వచ్చింది. ఓబులేసు జాజు తెచ్చాడు గానీ, భవనం బయటి గడపకు మాత్రం పూశాడు. లోపల బల్ల మీద తెల్లగుడ్డ పరిచి వస్తువులన్నీ పేర్చాడు. తక్కెడ, పట్టుకారు, కొత్తగా వచ్చిన పరికరం, హెడ్డు సారు స్కూటరు తాళం. పసుపు కుంకుమల గిన్నె పట్టుకుని, ఖరీదైన కొత్త పరికరం వైపు చెయ్యి చాచాడు.

"ఆగప్పా" అన్నారు హెడ్డు సారు. బీరువా తెరిచి, పైఅరలోంచి పాసంగం గిన్నె తీశారు. ఎన్నోసార్లు కాలి అంచులు పసుపు రంగుకు తిరిగిన చిన్న పింగాణీ గిన్నె. దాన్ని తెచ్చి వస్తువులన్నిటికీ ముందు, నడిమధ్యన పెట్టారు.

"ముందు దీనికి పెట్టు" అన్నారు. ఓబులేసు వేలు కుంకుమలో ముంచబోయి ఆగి, నా వైపు చూసి అడిగాడు. "బయటి పక్క పెట్టేదా మేడం, లోపలా?"

"బయటి పక్కే" అన్నాం ముగ్గురం ఒక్కసారే.